ట్రూడీ ఫీజు, పంది బరువు

రండి, రండి. ఆ బెంచీ ఇటు లాగండి. నిలబడ్డవాళ్ళు కూర్చోండి, కూర్చున్నవాళ్ళు కొంచెం జరగండి. మొక్కజొన్న కంకులు కొరికేవాళ్ళు చప్పుడు కాకుండా కొరకండి. వెనకాల ట్రాక్టర్ ధరల గురించి మాట్లాడుతున్న పెద్దమనుషులూ, ఆ ధరలు మీరు తిట్టినంత మాత్రాన తగ్గవు, కాసేపు ఆపండి. ఇది హోస్టెట్లర్ వాళ్ళ ట్రూడీ కాలేజీకి ఫీజు కట్టిన కథ. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఉన్నవన్నీ జతలు జతలుగానే ఉన్నాయి.

ట్రూడీకి పద్దెనిమిది నిండాయి, హైస్కూలు చివరికొచ్చింది. వంతెనలు కట్టే చదువు చదవాలని చిన్నప్పట్నుంచీ ఒకటే పట్టు. ఎందుకంటే వాళ్ళ పొలం పక్క వాగు మీద వంతెన ఆమె పుట్టాక నాలుగుసార్లు కొట్టుకుపోయింది. నాలుగోసారి పోయినప్పుడు దాని మీద పోస్టుమాన్ కూడా ఉన్నాడు. ఆయన ఉత్తరాలు పంచుకుంటూనే పక్క కౌంటీలో తేలాడు, ఒక్క ఉత్తరం కూడా తప్పు ఇంటికి ఇవ్వలేదు. అప్పుడే ట్రూడీ అనుకుంది, ఐదో వంతెన నేనే కడతాను, అది మాత్రం కదలదు అని.

ఏప్రిల్లో రాష్ట్ర కాలేజీ నుంచి లావుపాటి కవరొచ్చింది. సీటిచ్చాం, సంతోషం అన్నారు. లోపల రంగుల పుస్తకం, అందులో గడ్డి మీద కూర్చుని పడీ పడీ నవ్వుతున్న పిల్లలు. వారం తిరక్కుండా సన్నటి కవరొకటి వచ్చింది. అందులో ఎవరూ నవ్వడం లేదు. మొదటి ఏడాది ఖర్చెంతో పైనుంచి కిందికి రాసి, కింద గీత గీశారు. ట్రూడీ మూడేళ్ళుగా శని ఆదివారాలు రోడ్డు పక్క హోటల్లో ప్లేట్లు మోసి దాచుకున్నదంతా పోను, ఇంకా ఆరువేల రెండొందల డాలర్లు కావాలి. ఆగస్టు ఒకటో తారీఖు లోపు కట్టాలి. కట్టకపోతే ఆ సీటు వెనక నిలబడ్డవాళ్ళకు పోతుంది.

ఇంట్లో ఉన్నది తల్లి మార్నీ, తాత డెల్బర్ట్. తండ్రి లారీ నడుపుతాడు, ఎప్పుడు ఫోన్ చేసినా మూడు రాష్ట్రాల అవతలే ఉంటాడు. ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫీజు సాయం ఇచ్చే ఆఫీసువాళ్ళ దరఖాస్తు ముందేసుకున్నారు. అందులో రెండొందల ఎనిమిది ప్రశ్నలు. మొదటి ప్రశ్న పేరు. రెండో ప్రశ్న దగ్గర్నుంచే గొడవ మొదలు. భూమి ఎంత, దాని విలువెంత అని ఉంది. డెల్బర్ట్‌కు తొంభై ఎకరాలు. అందులో ముప్ఫై ప్రతి వసంతం వాగులోకి వెళ్ళి వేసవికి తిరిగొస్తాయి. వచ్చేటప్పుడు పొరుగువాళ్ళ కంచె కూడా పట్టుకొస్తాయి. అవన్నీ రాయడానికి చోటు లేదు. ఒక గడి ఉంది, అందులో ఒక అంకె పడాలి. పడింది.

నెల తర్వాత జవాబొచ్చింది. మీ కుటుంబం ఉన్నవాళ్ళ కింద లెక్క, సాయం అక్కర్లేదు అని.

ట్రూడీ ఆ కాగితం బల్ల మీద పడేసి తల పట్టుకుంది. డెల్బర్ట్ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి కాఫీ కొట్లో కనపడ్డవాడికల్లా అది తీసి చూపించడమే పని. "డెబ్భై ఆరేళ్ళు బతికాను, మనం డబ్బున్నవాళ్ళమని ఎవరూ చెప్పనే లేదు" అని ఆయన బాధ. ఆ గర్వంతో ఒకరోజు అందరి కాఫీకి తనే డబ్బులిచ్చి వచ్చాడు. ట్రూడీకి ఒళ్ళు మండిపోయింది.

దరఖాస్తులో ఇంకో ప్రశ్న కూడా ఉంది. విద్యార్థికి సొంతంగా ఏమైనా ఆస్తి ఉందా అని. ట్రూడీ నిజాయితీగల పిల్ల. ఒక పంది అని రాసింది. అక్కడే తప్పు చేసింది. దాంతో ఆఫీసువాళ్ళు ఇంకో ఉత్తరం రాశారు, తొమ్మిది పేజీలు. పంది విలువకు ఆధారమేమిటి, పంది పూర్తిగా విద్యార్థిదేనా లేక ఉమ్మడిదా, గడిచిన రెండేళ్ళలో పందికి ఇతరత్రా ఆదాయమేమైనా వచ్చిందా, వస్తే ఆ కాగితాలు జతచేయాలి. పంది పుట్టి అప్పటికి నాలుగు నెలలే.

స్కూల్లో సలహాలిచ్చే టీచరమ్మ స్కాలర్‌షిప్పుల జాబితా ఇచ్చింది. ఒకటి ఎడమచేతి వాటం వాళ్ళకు. ఒకటి ఆరడుగులు దాటిన ఆడపిల్లలకు. ఒకటి గొర్రె ఉన్నితో తమ గౌను తామే కుట్టుకున్నవాళ్ళకు. ట్రూడీ ఐదడుగుల రెండంగుళాలు, కుడిచేయి, సూదిలో దారం ఎక్కించడం రాదు. మిగిలింది ఒకటి: జీవితంలో మీరు ఎదుర్కొన్న పెద్ద కష్టం గురించి ఐదొందల మాటలు రాయండి అన్నది.

"నాకు పెద్ద కష్టాలేం లేవే" అంది ట్రూడీ పెన్ను కొరుకుతూ.

డెల్బర్ట్ ఆలోచించి, "కావాలంటే నేను కొట్టం మీంచి పడతాను అమ్మడూ" అన్నాడు. "మరీ పైనుంచి కాదు, మూడో మెట్టు మీంచి. ఐదొందల మాటలకు మూడో మెట్టు చాలు."

వద్దని ఆయన్ని కూర్చోబెట్టి, ఆమె కొట్టుకుపోయిన వంతెనల గురించి రాసింది. రెండో బహుమతి వచ్చింది. గొడుగు.

ఇక మిగిలింది పంది.

మన కౌంటీ సంతలో రైతుపిల్లల వేలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు వసంతంలో పందిపిల్లను తెచ్చి పెంచుతారు, జూలై చివర్లో సంతకు తెస్తారు, ఊళ్ళో దుకాణాలవాళ్ళు పాడుకుంటారు. పాట మాంసానికి కాదు, పిల్ల చదువుకి. బయట రెండొందలు చేసే పంది ఇక్కడ పన్నెండొందలు, పదిహేనొందలు పలుకుతుంది. అంతకుముందు ఏడు మొదటి బహుమతి పంది ఆరువేలు దాటింది. ట్రూడీ కళ్ళన్నీ ఆ మొదటి బహుమతి మీదే. రూలు ఒక్కటే. సంత రోజు కాటా మీద పంది రెండొందల ముప్ఫై పౌన్లకు తగ్గకూడదు, రెండొందల తొంభైకి మించకూడదు. ఒక్క పౌను ఎక్కువైనా వేలానికి రానివ్వరు. తిన్నగా లారీ ఎక్కించి మార్కెట్ ధరకి పంపేస్తారు. రెండొందల డాలర్లు చేతిలో పెడతారు, అవి పట్టుకుని ఇంటికెళ్ళాలి.

ఇంకో ఆచారం కూడా ఉంది. వేలానికి ముందు ప్రతి పిల్లా దుకాణాలకు స్వయంగా వెళ్ళి, చేత్తో రాసిన ఉత్తరమిచ్చి, రండి, పాడండి అని అడగాలి. అడగనివాళ్ళ పంది వైపు ఎవడూ చూడడు. మరోపక్క, పందిని రోజూ నడిపించాలి, లేకపోతే బహుమతులు నిర్ణయించే బరిలో సరిగ్గా నడవదు. ట్రూడీకి హోటల్ పని ఉంది, ఆఫీసువాళ్ళ తొమ్మిది పేజీలకు జవాబులు రాసే పని ఉంది. అందుకని రెండు పనులూ కలిపేసింది. పందిని నడిపించుకుంటూనే మైలున్నర దూరం ఊళ్ళోకి పోయి ఉత్తరాలు పంచింది. ఎంత తెలివైన ఆలోచన అనుకుంది పాపం.

మొదటి కొట్టు వెండెల్ బేకరీ. వెండెల్ ఉత్తరం చదవకముందే పందికి నిన్నటి డోనట్లు మూడు పెట్టాడు. బ్యాంకులో ఓపల్ అత్త పిల్లలకిచ్చే లాలీపాప్‌ల గిన్నె కిందికి దించింది. ట్రాక్టర్ల కొట్టు లానీ తన సాండ్‌విచ్‌లో సగం విరిచాడు. చావులకు ఏర్పాట్లు చేసే ఫిస్క్ గారి దగ్గర ఆ రోజు పెద్ద కార్యక్రమం జరిగింది. వచ్చినవాళ్ళు తినగా మిగిలిన బంగాళాదుంపల సలాడ్ బకెట్ నిండా ఉంది. పోయినాయన కూడా తిండిప్రియుడే, సంతోషిస్తాడు అంటూ ఆయన బకెట్ తిరగేశాడు.

ఆ పంది తెలివి చూడండి. ఒక్కసారికే దారి నేర్చుకుంది. మర్నాటి నుంచి ట్రూడీ దాన్ని నడిపించడం కాదు, అదే ట్రూడీని నడిపించింది. పొద్దున ఏడింటికి బేకరీ, ఏడుంబావుకి బ్యాంకు, ఎనిమిదింటికి ట్రాక్టర్లు, ఎనిమిదిన్నరకు ఫిస్క్ గారు. జనం దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. ఓ రోజు వర్షానికి ఆలస్యమైతే స్కూలు బస్సు కూడా ఆలస్యంగా బయల్దేరింది.

ట్రూడీ దానికి పేరు పెట్టలేదు. అమ్మేదానికి పేరు పెట్టకూడదని ఆమె నియమం. మిగతావాళ్ళు ఎవరికి వాళ్ళు పెట్టేసుకున్నారు. వెండెల్‌కు అది బిస్కట్. ఓపల్ అత్తకు డచెస్, మగపంది అని చెప్పినా వినలేదు. లానీకి టర్బో. ఫిస్క్ గారు మాత్రం జడ్జిగారు అని పిలిచేవాడు, టోపీ తీసి మరీ. ఏ పేరు పెట్టి పిలిచినా అది పలికేది. తిండి ఉన్న చేతికి పేరుతో పనేముంది.

వద్దు అనడానికి ట్రూడీకి నోరు రాలేదు. వీళ్ళే రేపు వేలంలో పాడాల్సినవాళ్ళు. డోనట్ వద్దంటే వెండెల్ ముఖం మాడ్చుకుంటాడు, ముఖం మాడ్చుకున్నవాడు పాట పాడడు. పెట్టనిస్తే పంది బరువెక్కుతుంది. పళ్ళు బిగబట్టి నవ్వి నవ్వి, జూలై మూడో వారానికి ఆ పిల్లకు దవడలు నొప్పెట్టాయి.

సంతకు ఎనిమిది రోజులుందనగా దాణా మిల్లు కాటా మీద పందిని నిలబెట్టింది. మూడొందల మూడు పౌన్లు. ట్రూడీ కాటాను తన్నింది. మూడొందల నాలుగు చూపించింది.

ఇంటికొచ్చి తల్లి మీద, తాత మీద విరుచుకుపడింది. ఇక ఊళ్ళోకి తీసుకెళ్ళను, దాణా కొలిచి పెడతాను, పొలం గట్టు చుట్టూ రోజుకు మూడుసార్లు తిప్పుతాను, ఎవరూ దీనికి గింజ కూడా విదల్చకూడదు అని చెప్పింది. మార్నీ సరే అంది. డెల్బర్ట్ కూడా తలూపాడు, కళ్ళు మాత్రం కలపలేదు.

ఆ ఏడు ఎండ ఎట్లా ఉందంటే, చర్చిలో పాదిరి నరకం గురించి ప్రసంగం చేస్తుంటే జనం అక్కడ నీడ ఉంటుందా అని అడిగారు. ఆ ఎండలో ట్రూడీ పందిని గట్ల వెంట తిప్పింది. తిప్పినకొద్దీ గట్టు అరిగిపోయి, మధ్యలో పొలం దిబ్బలా లేచింది. పంది మాత్రం నాలుగు రోజులకు ఒక్క పౌను తగ్గింది. ఐదో రోజు ఎందుకో అనుమానమొచ్చి త్వరగా ఇంటికొస్తే, కొట్టం వెనక డెల్బర్ట్ పీట వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో గిన్నె నిండా ఆపిల్ పై అనే తీపి రొట్టె. ఒక ముక్క తనకి, ఒక ముక్క పందికి.

"తాతా, అసలు నేను కాలేజీకి పోవాలా వద్దా?"

"అది దిగులుగా చూసిందమ్మా."

"దానికి ముఖమే అంత. పుట్టినప్పట్నుంచీ అట్లాగే చూస్తోంది."

డెల్బర్ట్ చేతిలో ముక్క వంక చూసుకుని, నువ్వు వెళ్ళిపోతే పొద్దున్నే మాట్లాడ్డానికి ఇదొక్కటే ఉంటుందనుకున్నాను, అది కూడా పోతుంది కదా అని గొణిగాడు.  ట్రూడీ ఆ గిన్నె లాక్కుని మిగతాది తనే తినేసింది, కోపంగా.

మిగిలిన మూడు రోజులూ పందితో పాటు తాతకి కూడా కాపలా కాసింది, దాంతో బరువు చకచకా దిగింది. సంత రోజు వచ్చింది. పన్నెండింటికి కాటా మూసేస్తారు. పదకొండింటికి ట్రూడీ వంతు. పంది ఠీవిగా ఎక్కి నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. రెండొందల తొంభై ఒకటి.

కాటా దగ్గర కుర్చీ వేసుకున్న కమిటీ పెద్దాయన పెన్నుతో గీత కొట్టబోయి ఆగాడు. మనసున్న మనిషే. పన్నెండు లోపు మళ్ళీ తెస్తే మళ్ళీ తూస్తాను, కానీ ఒక్కసారే అన్నాడు. చుట్టూ చేరిన జనమంతా తలో మాటా చెప్పారు. చెవులు శుభ్రం చెయ్యమన్నారు, గోళ్ళు తియ్యమన్నారు, భయపెట్టమన్నారు. పందులు పెంచిన ముసలమ్మ ఒకావిడ మాత్రం అసలు సంగతి చెప్పింది. ఆ పంది పొద్దున్నించీ దొడ్డికి వెళ్ళలేదమ్మా, దాన్ని నడిపించు, ఒక్కసారి వెళ్ళిందంటే మూడు పౌన్లు ఎటూ తగ్గుతుంది అని.

ట్రూడీ నడిపించింది. గుర్రాల షెడ్డు చుట్టూ, కుందేళ్ళ షెడ్డు చుట్టూ, రంగులరాట్నం చుట్టూ. వెనకాల జనం. ఒక ఆడపిల్ల తన పంది ఎప్పుడు దొడ్డికెళ్తుందా అని ఊరంతటి ముందూ బతిమాలుకుంటూ తిరగడం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. క్లాసులో కుర్రాళ్ళు కూడా చూస్తున్నారు. పంది తోక ఊపుతుంది, పూలు వాసన చూస్తుంది, అసలు పని మాత్రం చెయ్యదు. పదకొండున్నర. పావు తక్కువ పన్నెండు.

ట్రూడీ కాళ్ళు నొప్పెట్టి గడ్డి మోపు మీద కూలబడింది. వెనక జేబులో ఏదో గుచ్చుకుంటే తీసి చూసింది. ఆఫీసువాళ్ళ తొమ్మిది పేజీలు, జవాబు రాద్దామని నెల నుంచీ మోస్తున్నవే. చిరాకు నెత్తికెక్కింది. "విను" అంది పందితో, "నీ గురించే రాశారు, నువ్వే విను." గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "సదరు పందికి సంబంధించిన యాజమాన్య హక్కుల వివరణ." పంది చెవులు నిక్కబొడుచుకుంది. రెండో పేజీలో పంది తరుగుదల లెక్క అడిగారు. మూడో పేజీలో రెండో పేజీ సరిగ్గా నింపానని ప్రమాణం చెయ్యమన్నారు. నాలుగు, ఐదు చదివింది. ఆరో పేజీలో, ఈ ఉత్తరానికి బదులివ్వడంలో సహాయం కావలసినవారు ఈ ఉత్తరాన్నే మళ్ళీ చదువుకోగలరు అన్న చోటికొచ్చేసరికి పంది ఒక్కసారి నిట్టూర్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఆ ఉత్తరం మీద మనందరి అభిప్రాయం ఏదో అదే తెలియజేసింది. ధారాళంగా.

జనం చప్పట్లు కొట్టారు. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా కాటా రెండొందల ఎనభై ఎనిమిది చూపించింది.

ఇంతా చేస్తే బహుమతుల దగ్గర ఆ పందికి నాలుగో స్థానం వచ్చింది. వెనక భాగం మరీ నిండుగా ఉందని జడ్జి చెప్పాడు. ట్రూడీకి అది ఎవరి డోనట్టో, ఎవరి సలాడో విడివిడిగా తెలుసు. నాలుగో స్థానం పందికి మహా అయితే పద్నాలుగొందలు. ఆరువేల రెండొందలు ఎక్కడ, పద్నాలుగొందలు ఎక్కడ. అయినా చొక్కా దోపుకుని, నవ్వు తగిలించుకుని, సాయంత్రం పందిని వేలం బరిలోకి తీసుకెళ్ళింది.

వేలం పాడించేవాడు బక్. ఆయన మాటల వేగానికి అంకెలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. నిరుడు చెప్పిన అంకె కొంతమందికి ఈ ఏడు వినపడుతుంది. వెయ్యి అన్నాడు, పదకొండొందలన్నాడు, పద్నాలుగొందల దగ్గర సుత్తి పడింది. బేకరీ వెండెల్‌ది పాట. ట్రూడీ కిందికెళ్ళి చెయ్యి కలిపి థాంక్స్ చెప్పింది.  ఇక ఈ ఏడు వంతెన లేదనుకుంది.

బరి పక్కన గుమస్తా వెండెల్‌ని అడిగాడు, ఏ కసాయి కొట్టుకి పంపమంటారు అని. వెండెల్ పదకొండేళ్ళుగా ఈ సంతలో పందులు కొంటున్నాడు, అన్నిటినీ తిన్నాడు. కానీ వాటిల్లో ఒక్కటీ పొద్దున ఏడింటికి ఆయన కొట్టు తలుపు తట్టలేదు. పంది ఆయన జేబు వంక చూసింది. జేబులో డోనట్ ఉంది.

"రోజూ పలకరించేవాణ్ణి ఎట్లా తినేది?" అన్నాడు వెండెల్ ముక్కు తుడుచుకుంటూ. "వెనక్కి తీసుకో ట్రూడీ. మళ్ళీ పాడించు. డబ్బులు నువ్వే ఉంచుకో."

ఆ ఆచారం మనకి ఉన్నదే కదా. కొన్నవాళ్ళు జంతువుని వదిలేసి మళ్ళీ వేలం వేయించొచ్చు, రెండో పాట డబ్బు కూడా పిల్లకే. ఏ ఇంట్లోనైనా జబ్బు చేస్తే అట్లా చేస్తుంటారు. బిస్కట్ మీద జాలితో ఎవరూ చేసింది లేదు.

రెండోసారి బరిలోకి వెళ్ళింది. బిస్కట్ అని బక్ పిలవగానే ఫిస్క్ గారు లేచి, ఆయన పేరు జడ్జిగారు అని సరిదిద్ది, వెండెల్ కన్నా తక్కువకు పాడితే మర్యాద కాదని పదిహేనొందలకు పాడుకున్నాడు. గుమస్తా దగ్గరికెళ్ళి, పందిని చూసి, టోపీ తీశాడు. "నలభై ఏళ్ళుగా మనుషుల్ని సాగనంపుతున్నాను. ఒక్కరు కూడా నన్ను చూసి తోక ఊపలేదు" అన్నాడు. వెనక్కిచ్చేశాడు.

మూడోసారి ఓపల్ అత్త పదహారొందలకు పాడింది. సంతకం పెట్టి, ధైర్యంగా పది అడుగులు వేసి, పదకొండో అడుగు దగ్గర తిరిగొచ్చేసింది. తను ఉండేది బ్యాంకు మేడ మీద రెండు గదుల్లో, ఉన్న రెండు పిల్లులకే చోటు లేదు, డచెస్‌ని ఎక్కడ పెట్టుకోను అంది. అప్పటికి ట్రూడీ బూట్ల నిండా రంపపు పొట్టు. సంతోషించాలో తిట్టాలో తెలియట్లేదు. పంది మాత్రం ఊరేగింపులో ఉన్నట్టు తిరుగుతోంది.

ట్రాక్టర్ల లానీ పెద్దగా నవ్వాడు. మీకెవరికీ గుండె గట్టిగా లేదు, పందంటే పంది, పందొమ్మిదొందలు, ఇది రేపు మధ్యాహ్నానికి నా పొయ్యి మీద ఉంటుంది అని పాడేశాడు. దర్జాగా వచ్చి పంది వీపు మీద చరిచాడు. పంది ఆయన చేతిలో తల పెట్టి, సగం సాండ్‌విచ్ కోసం ఎదురు చూసింది. లానీ కళ్ళు ఎర్రబడ్డాయి. దుమ్ము పడిందన్నాడు. అప్పుడే నీళ్ళు చల్లారు, ఎక్కడా దుమ్ము లేదు.

అక్కడ ట్రూడీకి ఇక ఆగలేదు. "ఇదంతా డోనట్లు పెట్టకముందు గుర్తురాలేదా మీకు?" అంది. "మీరంతా కలిసి దీన్ని మేపి మేపి నా ప్రాణం తీశారు. రెండు నిమిషాల తేడాతో లారీ ఎక్కేది ఇది. ఇప్పుడు తినమంటే ఏడుస్తున్నారా? వచ్చే ఏడు కోడిపిల్లని తెస్తాను, దాన్నీ ఇట్లాగే చేస్తారా?"

నలుగురూ తలలు దించుకున్నారు. లానీ నెమ్మదిగా, వెనక్కి తీసుకో టర్బోని అన్నాడు.

అప్పుడు మార్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ట్రూడీ కూడా మనసులో కూడింది. ఇంకోసారి కూడింది. ఆరువేల నాలుగొందలు. ఫీజు పోను రెండొందలు మిగులు. కాలేజీవాళ్ళు చెప్పిన లెక్కల పుస్తకం సగం దాకా కొనొచ్చు. ఇంతసేపూ తిట్టిన నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది.

పంది ఇంకా బరిలోనే ఉంది. ఐదోసారి ఎవరంటే జనం నేల చూపులు చూశారు. కొంటే వెనక్కివ్వాలి, ఇవ్వకపోతే తినాలి. అప్పుడు వెనక వరసలోంచి డెల్బర్ట్ లేచి, "ఒక డాలరు" అన్నాడు.

సొంత ఇంటివాళ్ళు పాడకూడదని రూలుందని గుమస్తా అన్నాడు. కమిటీ పెద్దాయన రూల్సు పుస్తకం తెరిచాడు. మొదటి పాట గురించి ఉంది, రెండో పాట గురించి ఉంది. ఐదో పాట గురించి ఏమీ లేదు. ఆయన పుస్తకం మూసే లోపలే బక్ సుత్తి కొట్టేశాడు. ఆ ఒక్కసారే ఆయన మాట అందరికీ అర్థమైంది.

డెల్బర్ట్ జేబులోంచి డాలరు తీశాడు, దాంతో పాటు మడతలు పడ్డ ఆ కాగితం కూడా వచ్చింది. మనం ఉన్నవాళ్ళమే కదా అమ్మడూ, కొనుక్కోగలం అన్నాడు. ట్రూడీకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. వచ్చే ఏడు దరఖాస్తులో ఆస్తి కింద మళ్ళీ పంది అని రాయాలా అని అడిగింది. ఇప్పుడది నాది, నా గడిలో రాయి అన్నాడు తాత. రెండొందల ఎనిమిది ప్రశ్నలూ మళ్ళీ మొదట్నించీ కళ్ళ ముందు తిరిగి, ఆ పిల్ల అక్కడే మెట్ల మీద కూలబడింది. పంది వచ్చి పక్కన కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పక్క కౌంటీ నుంచి సంత చూడ్డానికొచ్చిన ఒకాయన, నిమ్మరసం గ్లాసు పట్టుకుని మొదట్నుంచీ అంతా చూసినాయన, పెళ్ళాంతో అన్నాడు: "అంతమంది కొని అంతమందీ వెనక్కిచ్చేశారంటే ఆ పందిలో ఏదో లోపం ఉందే. పాపం ఆ ముసలాయన మోసపోయాడు, ఆ డాలరు ఇక రాదు."